మూగాకు నూనె

ఆవిడ బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయ్యేది. ఒకరోజు కర్పూరం వాసన, ఒకరోజు నిమ్మగడ్డి వాసన, ఇంకోరోజు ఏళ్ళ తరబడి మూసి ఉంచిన చెక్కపెట్టె తెరిచినట్టు ఏదో ముక్కవాసన. ఎంత రుద్ది కడుక్కున్నా జుట్టును పట్టుకుని వదిలేది కాదు. పరిశోధనశాలలో అందరూ ఆవిడను నూనెమ్మ అనేవారు. మొదట్లో చాటున అనుకునేవారు, తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు, ఆవిడా పలికేది. ఉన్నమాటే కదా అంటున్నారు, ఉలుకెందుకు అనేది.

అలాంటి మనిషి చేతుల మీదుగా ఒక అబద్ధం అచ్చుకెక్కింది. కావాలని చేసింది కాదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ సంగతి తెలిశాక నోరు విప్పడానికి ఆవిడకు పట్టిన కాలం ఉంది చూశారూ, దానికి సాకు వెతకడం మాత్రం నా వల్ల కాదు.

నూనెమ్మ పని వినడానికి చాలా చిన్నది. ఆకులు మరిగించడం. అదే పని వంటింట్లో చేస్తే కషాయం అంటారు, గాజు పాత్రల్లో చేస్తే పరిశోధన అంటారు. బొద్దుగా ఉండే గాజు కుప్పెలో ఆకూ నీళ్ళూ పోసి కింద వేడి పెడితే ఆకులో ఉన్న వాసన నూనె ఆవిరితో కలిసి పైకి లేస్తుంది. పైన చన్నీళ్ళు పారే గొట్టానికి తగిలి ఆ ఆవిరి చల్లబడి, గీతలు గీసిన సన్నటి నాళంలోకి చుక్క చుక్కగా జారుతుంది. నీళ్ళు అడుగున, నూనె పైన. బుట్టెడు ఆకు పోస్తే వేలిగోరు తడిపేంత నూనె వస్తే గొప్ప. కొన్ని ఆకులు అదీ ఇవ్వవు, రోజంతా ఉడికి వట్టి పసరు నీళ్ళు మిగులుస్తాయి. అలాంటి రోజుల్లో నూనెమ్మ ఆకును తిట్టేది. మనుషుల్ని తిట్టే ధైర్యం లేనివాళ్ళకు ఏదో ఒకటి కావాలి కదా.

వచ్చిన నూనెలో కొంత జీసీ అని పిలిచే యంత్రానికి వెళ్ళేది. అది నూనెలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో విడదీసి కాగితం మీద శిఖరాల్లాగా గీసి ఇస్తుంది. మిగతాది కింది అంతస్తులో సూక్ష్మజీవుల విభాగానికి, పళ్ళేల మేడమ్ దగ్గరికి. ఆవిడ గుండ్రటి గాజు పళ్ళేల్లో క్రిముల్ని పెంచుతుంది కాబట్టి ఆ పేరు. పళ్ళెం నిండా క్రిముల్ని పులిమి, మధ్యలో నూనెలో ముంచిన కాగితపు బిళ్ళ పెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచుతుంది. మర్నాడు బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడితే నూనెలో బలం ఉన్నట్టు. బిళ్ళ అంచుదాకా క్రిములు మబ్బులా కమ్ముకుంటే నూనె దండగ. ఏ ఆకు బతుకైనా ఆ వలయం దగ్గర తేలిపోయేది, దాన్ని తెచ్చినవాళ్ళ ఉద్యోగం కూడా.

నూనెమ్మ ఉద్యోగం పర్మనెంటు కాదు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు ఉంటుంది, ప్రాజెక్టుతోపాటు పోతుంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో ముందు ఉద్యోగం స్థిరపడనివ్వండి అనేది. కొన్నాళ్ళకు ఎత్తేవాళ్ళు కూడా మానేశారు.

తల్లి చిన్నప్పుడే పోతే, తండ్రి లారీ తోలుతూ ఏడాదిలో ముప్పాతిక భాగం రోడ్ల మీదే గడిపేవాడు. అందుకని ఆవిడను మేనమామ పెంచాడు. ఆయన కొండ కింద అటవీశాఖ గార్డు. రెండు గదుల రేకుల ఇల్లు, తలుపు వెనక విజిలూ టార్చిలైటూ, ఎప్పటికీ ఆరని రెయిన్‌కోటు. మామయ్య మంచివాడే గానీ మాటల పోగు. చిరుతపులిని చూశానని ఒకసారి ఊరంతా చాటాడు, తీరా అది పక్కింటి మేక. ఆయన కొండను కాస్తున్నాడో కొండే ఆయన్ని కాస్తోందో తెలియదని అత్తయ్య అనేది. దొంగలు ఉత్తరం వైపు చెట్లు కొడుతుంటే దక్షిణం వైపు టీ కొట్లో కూర్చుని కొండ గురించి కబుర్లు చెప్పే రకం. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయనకు ఒక మెచ్చుకోలు కాగితం రాలేదు.

ఉన్నదల్లా ఒక మొక్క. కొండకు ఉత్తరం వైపు, ఎండ తగలని రాతి చీలికల్లో, నీటి చెమ్మ ఊరేచోట పెరిగేది. చీలమండ ఎత్తు, బూడిదరంగు నూగు ఉన్న ఆకు, వానలు వెనకబట్టాక మిణుకు మిణుకుమనే తెల్లపూలు. నలిపితే వాసన రాదు, తుంచితే పాలు కారవు, మేకలు కూడా మూతి పెట్టవు. అందుకని మామయ్య దానికి మూగాకు అని పేరుపెట్టాడు. ఒకసారి వృక్షశాస్త్రం వాళ్ళు వచ్చి చూసి, ఇది ఇంకెక్కడా కనపడలేదని, అరుదైన మొక్కల్లో చేర్చామని చెప్పి, దారి చూపించినందుకు మామయ్య చేతులు పట్టుకుని ఊపి వెళ్ళారు. ఆ రోజు నుంచి అది ‘నా మొక్క’ అయింది. కుండీలో పెంచుదామని వాళ్ళు తీసుకెళ్ళిన పిలకలు నల్లబడి చచ్చాయి, గింజలు మొలవలేదు. ఆ కబురు తెలిసి మామయ్య ఎంత సంతోషించాడో. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దానికి పడదని అందరికీ చెప్పుకున్నాడు. ఆయన చెయ్యి మాత్రం ఏం చేసిందిట, ఊరికే చూస్తూ కూర్చోవడం తప్ప.

ప్రాజెక్టు ముగిసే కాలం వచ్చింది. కొత్త మొక్క ఏదైనా చూపిస్తే తప్ప పొడిగించరని విభాగం అధిపతి తేల్చి చెప్పాడు. ఆయన్ని అందరూ పెద్దసారు అనేవారు. నూనెమ్మ కొండకు వెళ్ళి మామయ్య ముందు కూర్చుంది. మూగాకు ఇమ్మంటే ఆయన మొదట నవ్వాడు, తర్వాత కసిరాడు, ఆ తర్వాత పిల్ల ఉద్యోగం పోతుందని అర్థమై మెత్తబడ్డాడు. అత్తయ్య కుట్టుమిషను కత్తెర తీసుకుని మామయ్య తానే చీలికల్లోకి దిగి, కొమ్మ చివర్లు మాత్రం గిల్లినట్టు కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. వేరు జోలికి పోనని నూనెమ్మచేత మాట తీసుకున్నాడు. ఆవిడా ఇచ్చింది.

ఇక్కడే పప్పులో కాలు పడింది. నూనె తీసే గాజు సామాను పరిశోధనశాలలో ఒక్క సెట్టే ఉండేది. దాని కుప్పె మూతి ఎప్పుడో చిట్లింది. కొత్తది వచ్చేదాకా అని చెప్పి గొట్టానికీ కుప్పెకూ మధ్య ఒక రబ్బరు బిరడా బిగించారు. కొత్తది రాలేదు, బిరడా ఉండిపోయింది. ఆ వారమంతా విద్యార్థుల ప్రాక్టికల్సు. ప్రాక్టికల్సుకు వాము మరిగిస్తారు, ఎందుకంటే వాములో నూనె పుష్కలం, ఎంత మొద్దు విద్యార్థి చేసినా చుక్కలు పడతాయి. నూనెమ్మ గాజు సామానంతా సబ్బుతో కడిగింది, స్పిరిటుతో జాడించింది, తళతళలాడేటట్టు ఆరబెట్టింది. రబ్బరు బిరడాను కూడా కడిగింది. కానీ గాజు వాసనను పట్టుకోదు, రబ్బరు పట్టుకుంటుంది.

దానికో పద్ధతి ఉంది. కొత్త ఆకు వేసేముందు ఒకసారి వట్టి నీళ్ళు మరిగించి, నాళంలో ఏమీ తేలలేదని చూసుకోవాలి. ఆవిడ ఎప్పుడూ చూసేది. ఆ రోజు తడిగుడ్డలో ఆకు వాడిపోతోంది, పెద్దసారు గుమ్మంలో నిలబడి సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమంటున్నాడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది. ఆకు పోసింది.

నాళంలో నూనె పడింది. పిసరంతే, అయినా పడింది. జీసీ కాగితం మీద ఆకాశానికి నిచ్చెన వేసినట్టు ఒక శిఖరం లేచింది. అది థైమాల్. వాముకు ఆ ఘాటు దానివల్లే వస్తుంది, క్రిముల్ని చంపుతుందని అందరికీ ఎప్పట్నించో తెలిసిందే. పక్కనే ఎవరూ పేరుపెట్టని రెండు చిన్న శిఖరాలు. అవి మాత్రం నిజంగా మూగాకువే. ఇక పళ్ళెంలో, ఆసుపత్రుల్లో ఏ మందుకూ లొంగని మొండి క్రిమి మధ్యలో, బిళ్ళ చుట్టూ అరచెయ్యంత ఖాళీ వలయం. పళ్ళేల మేడమ్ మెట్లెక్కి స్వయంగా పైకి వచ్చింది. ఆవిడ మోకాళ్ళ నొప్పుల మనిషి.

ఆకు నలిపితే వాసన లేదు కదా, నూనెలో ఇంత ఘాటు ఎక్కడిదని ఎవరైనా అడగాలి. అడిగారు కూడా. నలిపితే రానిది మరిగిస్తే వస్తుందని పెద్దసారు సిద్ధాంతం చేశాడు. ఆ రెండు చిన్న పదార్థాలూ థైమాల్‌తో కలిసి దాని బలాన్ని రెట్టింపు చేస్తున్నాయని వ్యాసంలో రాశాడు. వాములో ఉన్నన్నాళ్ళూ థైమాల్‌ను పట్టించుకున్నవాడు లేడు, కొండ చీలికలో దొరికేసరికి అద్భుతమైపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా.

వ్యాసం అచ్చయింది. మొండి క్రిములకు కొండమొక్క మందు అని పత్రికలు గోరంతను కొండంత చేశాయి. నూనెమ్మకు ఉద్యోగం వచ్చింది, ఏడాది ప్రొబేషను తర్వాత పర్మనెంటు. ఆ కబురు విని అత్తయ్య ఏడ్చింది. మామయ్య పత్రిక ముక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టి చొక్కా జేబులో వేసుకుని, టీ కొట్లో కొత్త మొహం కనపడితే చాలు బయటికి తీసేవాడు. మొక్క ఎక్కడుంటుందో కూడా చెప్పేవాడు. ఏ చీలికలో, ఏ పక్కన, ఎలా ఎక్కాలో. అడిగినవాడు దారినపోయే దానయ్యా, మందుల దళారీనా అని చూసుకునే అలవాటు ఆయనకు ఎప్పుడూ లేదు.

మొదట ఒక సబ్బుల కంపెనీ వాళ్ళు వచ్చి మర్యాదగా కొంచెం ఆకు కోసుకెళ్ళారు. తర్వాత దళారీల మనుషులు సంచులతో వచ్చారు. వాళ్ళకు కత్తెర తెలియదు, గునపం తెలుసు. మామయ్య విజిల్ ఊదితే కిందనుంచి రాళ్ళు రువ్వారు. పై ఆఫీసుకు చెబితే చూద్దామన్నారు. ఒక వాన కురిసి వెలిసేలోగా ఉత్తరం వైపు సగం చీలికలు బోసిపోయాయి. మామయ్య ఫోన్ చేసి అదే మాట తిప్పి తిప్పి చెప్పేవాడు. నూనెమ్మ వినేది. గొప్ప మందు కదా, జనం ఆగరు మామయ్యా అని ఓదార్చేది. ఆ రోజుల్లో ఆవిడా నమ్మింది.

ఆ నమ్మకాన్ని సబ్బుల కంపెనీ కెమిస్టు పోగొట్టాడు. మా నూనెలో థైమాల్ జాడే లేదు, మీకెలా వచ్చిందని అడిగాడు. పెద్దసారు దగ్గర జవాబు తయారుగా ఉంది. కాలాన్ని బట్టి, ఎత్తును బట్టి, మట్టిని బట్టి ఒకే మొక్క నూనె మారుతుంది. అది అబద్ధం కూడా కాదు, మారుతుంది. ఆ వృత్తిలో తేడా ఏది వచ్చినా ఆ దుప్పటి కప్పేస్తారు. కెమిస్టు సరేనని ఊరుకున్నాడు, కంపెనీ మెల్లగా తప్పుకుంది. నూనెమ్మకు మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాడు గాజు సామాను కడిగి, ఆకేమీ వేయకుండా, అదే రబ్బరు బిరడాతో వట్టి నీళ్ళు మరిగించింది. చన్నీటి గొట్టం నుంచి మొదటి చుక్కలు నాళంలో పడ్డాయి. పైన సన్నటి పొర తేలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాము.

ఆవిడ వేడి ఆపింది. తర్వాత పెద్దసారు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అరవలేదు. తలుపు వేసి, కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించాడు.

“నీ ప్రొబేషను ఎప్పటికి అయిపోతుందమ్మా?” అని అడిగాడు.

వచ్చే వేసవికని ఆవిడ చెప్పింది.

“అయితే అప్పటిదాకా ఈ మాట ఎత్తకు. ఇది ఒక్క నీ కంచం కాదు, ఇందులో ఇంకా చాలామంది తింటున్నారు.”

ఆవిడ గది బయటికి వచ్చి, ఆ రబ్బరు బిరడాను తీసి చెత్తబుట్టలో పారేసింది. అంతే చేసింది. కొత్త గాజు కుప్పె ఆ నెలలోనే వచ్చింది. పేరున్న విభాగానికి సామాను త్వరగా వస్తుంది.

ఆవిడ మాట్లాడని ఆ నెలలన్నీ కొండ మీద గునపాలు మోగుతూనే ఉన్నాయి. అలవాటు ప్రకారం మామయ్య ఫోన్ చేసేవాడు. తూర్పు చీలిక పోయింది అమ్మాయ్ అనేవాడు. పైన గద్దల బండ కింద కూడా పీకేశారనేవాడు. ఆవిడ మింగలేక కక్కలేక అయ్యో మామయ్యా అనేది. ఇప్పుడు ఆవిడకు తెలుసు, వాళ్ళు పీకేది వట్టి గడ్డితో సమానమని. ఒక్కమాట చెబితే ఆగిపోతారని కూడా తెలుసు. ఆ మాట చెబితే తన గతి ఏమిటో అంతకన్నా బాగా తెలుసు. పరాయివాళ్ళు చేస్తే పాపం, మనం చేస్తే ఇబ్బంది. నేను ఆవిడను ఎంత దగ్గరగా చూసినా ఈ ముక్క దగ్గర జాలి పుట్టదు.

వేసవి వచ్చింది, పర్మనెంటు కాగితం వచ్చింది. ఆ సాయంత్రమే మామయ్య ఫోన్. ఇంకొక్క చీలికే మిగిలిందిట, తాను ముళ్ళకంపలు అడ్డంపెట్టి కాస్తున్నాడట. ఆయన గొంతులో కబుర్ల జోరు లేదు. నా మొక్క అని కూడా అనలేదు. ఆవిడ ఆ వారం జరిగిన విభాగం సమావేశంలో లేచి నిలబడి, మూగాకు నూనెలో క్రిముల్ని చంపింది మూగాకు కాదని, బిరడాలోంచి వచ్చిన వామేనని, అది తన తప్పేనని, తెలిసి కూడా ఇన్నాళ్ళు దాచానని అందరి ముందూ చెప్పింది. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పళ్ళేల మేడమ్ ఆ తర్వాత ఆవిడతో మాట్లాడలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఈవిడకు ఆకులూ మిగల్లేదు. ఎందుకంటే బయటినుంచి కమిటీ వచ్చింది. కమిటీ వాళ్ళు మంచివాళ్ళే, నిదానస్తులు. అచ్చయిన మాటను నోటిమాటతో కొట్టెయ్యడం కుదరదన్నారు. రబ్బరు ముక్క లేని కొత్త గాజులో, అదే కొండమీది అసలు మూగాకుతో, మూడుసార్లు విడివిడిగా నూనె తీసి, మూడుసార్లూ పళ్ళేల్లో పరీక్షించి చూపించాలన్నారు. ఒక్కోసారికి ఇంత తూకం ఆకు అని పెట్టారు. ఎండుటాకు పనికిరాదు, వాసన నూనె ఎగిరిపోయి ఉంటుంది. దళారీల సరుకు పనికిరాదు, అందులో సగం వేరే ఆకుల కల్తీ. ఔనని అచ్చువేయడానికి ఒక్కసారి మరిగిస్తే సరిపోయింది, కాదని చెప్పడానికి మూడుసార్లు కావలసి వచ్చింది.

నూనెమ్మ కొండకు వెళ్ళింది. మామయ్య ముళ్ళకంపల పక్కన రాతి మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆవిడ నిలబడే అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు, అదే వింత.

“అంటే దీంట్లో ఏమీ లేదా?” అన్నాడు చివరికి.

“లేదు మామయ్యా.”

“పేపర్లో వేసిందంతా?”

“వాము.”

మామయ్య జేబు మీద చెయ్యి వేసుకుని తీసేశాడు. “ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?”

ఆవిడ చెప్పింది. గద్దల బండ కింద పీకెయ్యకముందే తెలుసునని చెప్పింది. ఆయన వంగి, పక్కకు జరిగిన ముళ్ళకంపను మళ్ళీ చీలికకు అడ్డంగా సర్దాడు. తిడితే బాగుండునని ఆవిడ అనుకుంది. తిట్టలేదు.

“ఇప్పుడేం కావాలి?”

“ఈ చీలికలోది కావాలి. ఇది మందు కాదని తేలిస్తే వాళ్ళు ఇటు రారు.”

“మందని పీకారు. మందు కాదని తేల్చడానికి కూడా పీకాల్సిందేనా?”

“వేరు ఉంచి కోద్దాం మామయ్యా. వానలకు మళ్ళీ చిగురిస్తుంది.”

ఆయన నమ్మాడో లేదో తెలియదు. కానీ ముళ్ళకంపలు అప్పటికే ఒకసారి ఎవరో లాగి చూశారు. తాను ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. తాను ఇవ్వకపోతే ఇంకొకడు గునపంతో తీసుకుంటాడు, అప్పుడు ఏదీ తేలకుండానే పోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి ఆ మనిషి ఇంటికెళ్ళి కత్తెర తెచ్చుకున్నాడు. ఆకు ఇంకొకరి చేతికి ఇవ్వననీ, మూడుసార్లూ తానే బస్సులో తెస్తాననీ అన్నాడు.

మొదటిసారి తెచ్చాడు. కమిటీలో ఒకాయన పక్కనే నిలబడి చూస్తుండగా నూనెమ్మ మరిగించింది. పిసరంత నూనె, ఏ వాసనా లేదు. జీసీ కాగితం మీద ఆ రెండు చిన్న శిఖరాలే, థైమాల్ ఉండాల్సిన చోట చదునైన గీత. పళ్ళెంలో బిళ్ళ అంచుదాకా క్రిములు నిక్షేపంగా పెరిగాయి. రెండోసారీ అంతే. పళ్ళెం మబ్బుపట్టి ఉండటం చూసి నూనెమ్మకు సంతోషం వేసింది, ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది.

మూడోసారికి ఆకు తూకానికి చాలలేదు. కత్తిరించిన కొమ్మలు ఇంకా చిగుళ్ళు వెయ్యలేదు. కొంచెం తగ్గినా సరేనంటారా అని ఆవిడ కమిటీని అడిగింది. మూడూ ఒకే తూకం ఉండాలని, లేకపోతే రేపు ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారని వాళ్ళు అన్నారు. అది న్యాయమే. కాడలూ వేళ్ళూ కూడా మొక్కలో భాగమే కాబట్టి తూకంలో కలుపుకోవచ్చన్నారు. ఆవిడ మామయ్యకు ఫోన్ చేసింది. ఎంత తక్కువైందని ఆయన అడిగాడు, ఆవిడ చెప్పింది.

“అంటే వేరుతో తెమ్మంటావు.”

ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకు అప్పటికి బాగా చేతనయింది. కాసేపటికి ఆయనే సరేలే అని పెట్టేశాడు.

ఆ తర్వాత మూగాకు మందు కాదని కమిటీ తేల్చింది, వ్యాసం వేసిన పత్రిక తన తప్పు దిద్దుకుంటూ ఒక మూల నాలుగు వాక్యాలు వేసింది. ఆ వారంలోనే గునపాలవాళ్ళు కొండ వదిలి ఇంకో మొక్క వెంట పడ్డారు. పెద్దసారుకు బదిలీ అయింది, నూనెమ్మకు ఒక హెచ్చరిక కాగితంతో సరిపోయింది. నిజం చెప్పినందుకు కొంచెం మెచ్చుకున్నారు కూడా. అరుదైన మొక్కను కాపాడారని ఒకాయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. అదంతా తర్వాతి మాట.

మూడోసారి మరిగించిన రోజు మామయ్య వెళ్ళిపోలేదు. మొదటి రెండుసార్లు సంచి ఇచ్చేసి బస్సుకు తిరిగిపోయినవాడు, ఆ రోజు గోడవారగా స్టూలు మీద కూర్చుని గాజు కుప్పెలో తన మొక్క తిరగడం చూశాడు. చీలికలో మిగిలిన కాడలన్నీ, వేళ్ళన్నీ, వాటిని పట్టుకున్న కొంచెం నల్లమట్టి. నీళ్ళు తెర్లుతుంటే బూడిదరంగు ఆకు ముందు పచ్చబడి తర్వాత గోధుమరంగుకు తిరిగింది. గదిలో ఉడికిన కూర వాసన తప్ప ఏమీ లేదు. కమిటీ ఆయన చుక్కలు లెక్కపెట్టి, సంతకం పెట్టి, సీసా తీసుకుని కిందికి వెళ్ళాడు.

నూనెమ్మ వేడి ఆపి కుప్పె విప్పింది. ఉడికిన ముద్దను జల్లెడలోకి వంపింది. పారేద్దామని బుట్ట దగ్గరికి తీసుకెళ్తుంటే మామయ్య లేచి వచ్చి ఖాళీ సంచి విప్పి పట్టుకున్నాడు.

“ఇటియ్యి.”

“ఏం చేస్తావు మామయ్యా? ఉడికిపోయింది. ఇందులోంచి ఏదీ మొలవదు.”

“తెలుసులే. ఆ చీలికలోనే పడేస్తాను.”

వేడిగా ఉంది, సంచి కరిగిపోతుంది అంది ఆవిడ. అయితే చల్లారనియ్యి అని మామయ్య మళ్ళీ వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ బల్ల మీద పాత పత్రిక పరిచి, మూగాకు త్వరగా చల్లారేటట్టు చేతివేళ్ళతో పలచగా పరవడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆవిడ జుట్టుకు ఏ వాసనా పట్టలేదు. బస్సులో పక్క సీటులో ఎవరో వచ్చి కూర్చున్నారు.